ఇరవై ఏళ్లు దాటిన ఫ్లాటుకు కొత్త లోపలి అమరిక: వంటింటి గోడ తీయించాలా? డబ్బు ముందుగా దేనికి పెట్టాలి?

మియాపూర్ గృహస్థుడు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది హైదరాబాదులోని మియాపూర్. 2002లో కట్టిన అయిదంతస్తుల అపార్ట్‌మెంటులో, మూడో అంతస్తులోని 1,320 చదరపు అడుగుల మూడు పడకగదుల ఫ్లాటులో పద్దెనిమిదేళ్లుగా ఉంటున్నాము. అమ్మ, నేను, నా భార్య, పదో తరగతి చదివే అమ్మాయి, ఆరో తరగతి చదివే అబ్బాయి, మొత్తం అయిదుగురం. ఇన్నేళ్లలో గోడలకు మూడుసార్లు రంగులు వేయించడం తప్ప లోపల మరే పనీ చేయించలేదు. వంటింట్లో కడప బండల అరలకు బిగించిన అల్యూమినియం తలుపులు వంగిపోయాయి. స్నానాల గది గోడకు ఆనించిన బీరువా వెనుక చెమ్మ దిగింది. పిల్లలకు చదువుకునే చోటు లేక ఒకరు భోజనాల బల్ల మీద, ఒకరు మంచం మీద పుస్తకాలు పరుచుకుంటున్నారు. ఈ వేసవిలో రెండు నెలలు పక్క వీధిలో అద్దెకు ఉండి ఇంటిని లోపల పూర్తిగా మార్పించాలని నిశ్చయించుకున్నాము.

ఒక ఇంటీరియర్ సంస్థను పిలిపించి కొలతలు తీయించాము. వంటింటికీ భోజనాల గదికీ మధ్య ఉన్న నాలుగున్నర అంగుళాల గోడను తీసివేసి అక్కడ గట్టు కట్టి దాని మీదనే స్టవ్వు అమర్చడం, అన్ని గదుల్లో ఫాల్స్ సీలింగు, టీవీ గోడకు చెక్క పలకల అలంకరణ, మూడు గదుల్లో నేల నుంచి పైకప్పు వరకు వార్డ్‌రోబులు, పాత టైల్స్ మీదనే కొత్త టైల్స్ వేయడం వారి ప్రణాళికలోని ముఖ్యమైన పనులు. అంచనా 16 లక్షల 40 వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. అంటే 19 లక్షలు దాటుతుంది. మేము అనుకున్నది 16 లక్షలు. వారు కంప్యూటరులో చూపించిన బొమ్మలు మాత్రం చాలా అందంగా ఉన్నాయి. పిల్లలకు ఎంతో నచ్చాయి.

మా అమ్మకు 74 ఏళ్లు. ఇప్పటికీ ఉదయం వంట ఆవిడదే. గోడ తీయడం ఆమెకు ఇష్టం లేదు. కొత్త ప్రణాళికలో స్టవ్వు ముందు నిలబడితే ముఖం పడమరకు ఉంటుందని, తాను ఇన్నేళ్లూ తూర్పు ముఖంగానే వండానని అంటున్నారు. తన పుట్టింటి నుంచి వచ్చిన టేకు భోషాణాన్ని, నిలువుటద్దం ఉన్న బీరువాను అమ్మేయడానికి కూడా ఒప్పుకోవడం లేదు. ఆమె మాట తీసేసి ఇల్లు కట్టుకోవడం నాకు ఇష్టం లేదు. అలాగని నా భార్య ఇరుకు వంటింట్లో ఇన్నేళ్లుగా పడిన అవస్థను పట్టించుకోకుండా ఉండలేను. గోడ తీయడం వల్ల కట్టడానికి ప్రమాదం ఉందా? ఉన్న డబ్బును ముందుగా దేనికి ఖర్చు పెట్టాలి? ఈ అంచనాలో దేనిని వదులుకున్నా బాధ ఉండదు? ఇలాంటి పని చేయించినవారు, చేసేవారు దయచేసి చెప్పగలరు.

విశ్రాంత సివిల్ ఇంజనీరు, హనుమకొండ

గృహస్థుడు గారికి నమస్కారం. ముందుగా గోడ సంగతి. ఆ కాలపు అయిదంతస్తుల అపార్ట్‌మెంట్లు దాదాపు అన్నీ స్తంభాలు, దూలాలతో కూడిన కాంక్రీటు చట్రం మీద నిలబడినవే కాబట్టి, లోపలి నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ సాధారణంగా పైబరువును మోయదు. అయినా అపార్ట్‌మెంటు సంఘం దగ్గర ఉండే స్ట్రక్చరల్ డ్రాయింగును, అంటే స్తంభాలూ దూలాలూ ఎక్కడున్నాయో చూపే పటాన్ని తెప్పించి, లేదంటే ఒక స్ట్రక్చరల్ ఇంజనీరును ఇంటికి పిలిపించి, ఆ గోడ పైన దూలం ఎటు పోతున్నదో చూపించుకున్న తరువాతనే సుత్తి పట్టనివ్వండి. సాధారణంగా అలాంటి గోడ పైన దూలం ఉంటుంది. గోడ పోయాక ఆ దూలం గది మధ్యలో అడ్డంగా వేలాడుతూ కనిపిస్తుంది. బొమ్మల్లో దానిని చూపించరు. ఆ దూలాన్ని గానీ, పక్కనున్న స్తంభాన్ని గానీ వైరింగు గొట్టం కోసం ఒక్క అంగుళమైనా చెక్కనివ్వకండి. ఈ పని చేసేవారిలో చాలామందికి ఇటుక గోడ చెక్కడానికీ కాంక్రీటు చెక్కడానికీ ఉన్న తేడా తెలియదు.

ఇది చదివే ఇతరుల కోసం ఒక మాట. ఈ మధ్య కట్టిన ఎత్తైన టవర్లలో అల్యూమినియం అచ్చులతో, అంటే మైవాన్ పద్ధతిలో, గోడలను కూడా కాంక్రీటుతోనే పోస్తున్నారు. అక్కడ దాదాపు అన్ని గోడలూ బరువు మోసేవే. పాత ఇటుక ఇంట్లో ఎవరో గోడ తీయించారని విని అలాంటి ఫ్లాటులో తీయించబోవడం చాలా ప్రమాదకరం. జిల్లాల్లోని పాత డాబా ఇళ్లలో కూడా గోడలే కప్పును మోస్తాయి.

ఎనిమిది అడుగుల వెడల్పు, తొమ్మిది అడుగుల ఎత్తు ఉన్న ఆ గోడ సిమెంటు పూతతో కలిపి ఒకటిన్నర టన్నుకు పైగానే తూగుతుంది. కూల్చిన ఇటుకలను హాలు మధ్యలో కుప్పగా పోయనివ్వకుండా, ఏరోజు శిథిలాలను ఆరోజే సంచుల్లో కిందికి దింపించండి. ఇక టైల్స్ మీద టైల్స్ వేసే పని. పాత నేల మీద రెండు అంగుళాల సిమెంటు పరిచి కొత్త టైల్స్ వేస్తే చదరపు మీటరుకు సిమెంటు బరువే 100 కిలోల వరకు పెరుగుతుంది, టైల్ బరువు దానికి అదనం. నివాస గదుల నేల మీద మనుషులు, సామాను కలిపి చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు పడతాయని లెక్కించి డిజైను చేస్తారు. ఆ లెక్కలో సగానికి పైగా టైల్స్ పనికే పోవడం మంచిది కాదు. కాబట్టి పాత టైల్స్‌ను కర్రతో తట్టి చూసి, డొల్ల శబ్దం వచ్చేవాటిని తీసి సరిచేసి, మిగతా చోట కొన్ని మిల్లీమీటర్ల మందాన టైల్ జిగురు మాత్రమే వాడి పలుచని టైల్స్ వేయించండి. అప్పుడు కూడా నేల అర అంగుళం పైగా లేస్తుంది, తలుపులన్నీ కింద కోయించాలి. మీ నేల బాగానే ఉంటే, నా అభిప్రాయంలో ఈ పనిని పూర్తిగా మానుకొని ఆ డబ్బును నీళ్ల గొట్టాలకు, కరెంటుకు మళ్లించడం ఉత్తమం.

మీ ప్రశ్నలో నన్ను ఎక్కువగా కలవరపెట్టినది బీరువా వెనుక చెమ్మ. ఆ కాలపు ఇళ్లలో గోడల లోపల ఎక్కువగా జీఐ, అంటే జింకు పూత పూసిన ఇనుప గొట్టాలు ఉండేవి. ఉప్పు ఎక్కువగా ఉండే బోరు నీళ్లు ఇరవై ఏళ్లకు పైగా పారితే వాటి లోపల పెచ్చులు కట్టి, మలుపుల దగ్గర తుప్పు తినేస్తుంది. స్నానాల గదుల నేలను తవ్వించి, పాత గొట్టాల స్థానంలో వేడినీళ్లను కూడా తట్టుకునే సీపీవీసీ ప్లాస్టిక్ గొట్టాలు వేయించి, నీరు దిగకుండా పూత పూయించి, తూము మూసి నీళ్లు నింపి కనీసం 48 గంటలు అలాగే ఉంచండి. కింది అంతస్తువారిని అడిగి వారి పైకప్పును మీ కళ్లతో చూసుకున్న తరువాతనే టైల్స్ వేయించండి. ఈ పరీక్షను ఎవరూ తమంతట తాము చేయరు. మీరు అడిగి చేయించుకోవాలి.

కరెంటు విషయం కూడా ఇంతే ముఖ్యం. మీ ఇల్లు కట్టిన రోజుల్లో చాలాచోట్ల ఒక గదికి మాత్రమే ఏసీ పాయింటు ఇచ్చేవారు. ఇప్పుడు ఇండక్షన్ స్టవ్వు, ఓవెన్, గీజర్లు, రెండు మూడు ఏసీలు ఉంటున్నాయి. 3 కిలోవాట్ల గీజరు ఒక్కటే 13 ఆంపియర్లు లాగుతుంది. దీపాలకు 1.5, పవర్ ప్లగ్గులకు 2.5, ఏసీలకూ గీజర్లకూ 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలు వేయించి, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకయితే వెంటనే సరఫరాను ఆపేసే స్విచ్చు పెట్టించండి. పిల్లలు, పెద్దవారు ఉన్న ఇంట్లో ఇది లేకుండా ఉండకూడదు. విద్యుత్ సంస్థ దగ్గర మీకు మంజూరైన లోడు ఎంతో బిల్లులోనే ఉంటుంది. చాలకపోతే పెంచమని ముందే దరఖాస్తు చేయండి.

ఫాల్స్ సీలింగు అన్ని గదుల్లో అనవసరం. నివాస గదికి 2.75 మీటర్ల ఎత్తు, ఏసీ గదికయితే 2.4 మీటర్లు ఉండాలని జాతీయ భవన నిర్మాణ స్మృతి చెబుతున్నది. తొమ్మిదిన్నర అడుగుల గదిలో ఎనిమిది అంగుళాలు కిందికి దించితే ఏసీ లేని గదులు ఆ 2.75 మీటర్ల కంటే తగ్గిపోతాయి. హాలులో గోడల వెంబడి ఒకటిన్నర అడుగుల పట్టీ వేయించి, నడుమ స్లాబును యథాతథంగా వదిలేస్తే దీపాలూ అమరుతాయి, గాలీ ఆడుతుంది. ఫ్యాను ఎక్కడైనా స్లాబులోని కొక్కేనికే వేలాడాలి, జిప్సం పలకకు కాదు.

గుంటూరు గృహిణి

మీ అమ్మగారి మాట విన్నాక నాకు రాయాలనిపించింది. మేము ఇలాగే వంటింటి గోడ తీయించాము. మొదటి నెలంతా ఇంటికి వచ్చినవారందరూ మెచ్చుకున్నారు. రెండో నెలలో ఎండుమిరపకాయల పోపు ఘాటుకు హాలులో కూర్చున్న మామగారు దగ్గు ఆపుకోలేక లేచి వెళ్లిపోయారు. మన వంట ఆవిరి మీద నడిచేది కాదు. పోపు ఉంటుంది, వేపుడు ఉంటుంది, చేపల పులుసు ఉంటుంది, సంక్రాంతికి అరిసెలు వండే నూనె బాణలి గంటల తరబడి పొయ్యి మీద ఉంటుంది. ఆ నూనె ఆవిరి సోఫా గుడ్డల్లో, కిటికీ తెరల్లో, టీవీ వెనుక చెక్క గీతల్లో చేరి జిడ్డవుతుంది. పండుగకు పది మంది వచ్చినప్పుడు వంటింట్లో గిన్నెలన్నీ హాలులోకి కనిపించడం కూడా ఇల్లాలికి ఇబ్బందే.

అయినా గోడ ఉన్నప్పుడు వంట చేసేవారు ఒంటరిగా గోడల మధ్య ఉండిపోతారన్నది కూడా నిజమే. మీ భార్యగారి బాధ నాకు తెలుసు. పిల్లల చదువు చూసుకుంటూ, వచ్చినవారితో మాట్లాడుతూ వండుకోవాలని ఆమెకు ఉండవచ్చు. మేము తరువాత ఏం చేశామంటే, గట్టు ఎత్తు వరకు గోడ మళ్లీ కట్టించి, దాని పైన గట్టిపరచిన గాజుతో పక్కకు జరిగే తలుపులు పెట్టించాము. పోపు వేసేటప్పుడు మూస్తాము, మిగతా వేళల్లో తెరిచి ఉంచుతాము. స్టవ్వును బయటి గోడ వైపే ఉంచాము. అందువల్ల చిమ్నీ గొట్టం నేరుగా బయటికి పోతుంది. స్టవ్వును గది మధ్య గట్టు మీద పెట్టిస్తే ఆ గొట్టాన్ని సీలింగు లోపల మలుపులు తిప్పుతూ తీసుకెళ్లాలి. ఒక్కొక్క మలుపుకూ లాగే శక్తి తగ్గుతుంది. గొట్టం లేకుండా గాలిని వడపోసి తిరిగి గదిలోకే వదిలే చిమ్నీ మన వంటకు పనికిరాదు. మీ ఇంట్లో స్టవ్వును తూర్పు వైపు గోడకు ఉంచడానికి వీలుంటే అమ్మగారి కోరికా తీరుతుంది, చిమ్నీ కష్టమూ తప్పుతుంది. ముందు అది అడిగి చూడండి.

గట్టు ఎత్తు గురించి ఎవరూ మిమ్మల్ని అడిగి ఉండరు. మా ఇంటి పని చేసిన సంస్థ కూడా మమ్మల్ని అడగకుండానే 35 అంగుళాలు వేసింది. నిటారుగా నిలబడి మోచేతిని మడిచి, నేల నుంచి మోచేతి వరకు కొలిచి, అందులోంచి నాలుగు అంగుళాలు తీసేస్తే వచ్చేది మీ ఇంటి గట్టు ఎత్తు. ఇద్దరు వండే ఇంట్లో ఇద్దరినీ కొలవాలి. కూరగాయలు తరిగే చోటును ఇంకా నాలుగు అంగుళాలు తగ్గించి, దాని కింద అరలు లేకుండా ఖాళీగా వదిలితే, పెద్దవారు స్టూలు వేసుకొని మోకాళ్లు లోపలికి పెట్టి కూర్చుని తరుగుకోవచ్చు. మా అత్తగారు కత్తిపీట ముందు నేల మీద కూర్చోలేని స్థితి వచ్చాక ఈ చోటే ఆమెను వంటింట్లో నిలిపింది.

అరల విషయంలో మీ ఇంట్లో ఉన్న వస్తువులను కొలిచి చెప్పండి. వారి బొమ్మల్లో కప్పులూ సాసర్లూ ఉంటాయి. మన ఇంట్లో 25 కిలోల బియ్యం బస్తా, ఆవకాయ జాడీలు, తడి గ్రైండరు, ఇత్తడి బిందె, పెద్ద డేక్సాలు ఉంటాయి. గ్రైండరును రోజూ ఎత్తి దించనవసరం లేకుండా గట్టు మీదనే దానికి చోటూ ప్లగ్గూ ఉండాలి. కడప బండలను పూర్తిగా పారేయకండి. సింకు కింద, బియ్యం అరలో వాటిని అలాగే ఉంచి, ముందు మాత్రం కొత్త తలుపులు పెట్టించుకోండి. రాయికి చెదలు పట్టదు, నీళ్లకు ఉబ్బదు. గ్యాసు సిలిండరును అరలో పెడితే ఆ తలుపుకు కింది భాగంలో తప్పనిసరిగా గాలి సందులు పెట్టించండి. వంటగ్యాసు గాలికంటే బరువైనది, కారితే నేల మీదనే పేరుకుంటుంది.

చెక్కపని వర్క్‌షాపు, విజయవాడ

మాది ఇరవై ఏళ్లుగా ఇదే పని. అంచనా కాగితం చదివేటప్పుడు మొదట చూడవలసింది ధర కాదు, ఆ ధర దేని కొలతకు చెబుతున్నారన్నది. ఏడు అడుగుల వెడల్పు, ఏడు అడుగుల ఎత్తు, రెండు అడుగుల లోతు ఉన్న వార్డ్‌రోబును ముందు భాగం మాత్రమే కొలిస్తే 49 చదరపు అడుగులు వస్తుంది. తలుపులు, వెనుక పలక, రెండు పక్కలు, పైన, కింద అన్నీ విడివిడిగా కొలిస్తే లోపలి అరలు కలపకుండానే 154 అవుతుంది. ఒకరు చదరపు అడుగుకు 1,500 అని, మరొకరు 600 అని చెప్పినప్పుడు రెండోవారు చవక అనుకుంటే మోసపోతాము. 49ని 1,500తో గుణిస్తే 73,500, 154ని 600తో గుణిస్తే 92,400. పైన అటక భాగం, సొరుగుల పట్టాలు, కీళ్లు, పిడులు ఈ ధరలో కలిసి ఉన్నాయో లేదో కూడా రాయించుకోండి.

ప్లైవుడ్‌లో వంటింటికీ, స్నానాల గది గోడను ఆనుకొని ఉన్న వార్డ్‌రోబుకూ మరిగే నీటికి కూడా చెక్కుచెదరని బీడబ్ల్యూపీ రకం, అంటే ఐఎస్ 710 ముద్ర ఉన్నది వాడాలి. దాని జిగురును 72 గంటలు మరిగే నీటిలో ఉంచి పరీక్షిస్తారు. పొడిగా ఉండే పడకగదులకు ఐఎస్ 303 కింద వచ్చే, నీటిని అంతకంటే తక్కువగా తట్టుకునే బీడబ్ల్యూఆర్ రకం చాలు. ఈ తేడా పాటించడం వల్ల చాలా డబ్బు మిగులుతుంది. 'మెరైన్' అని పెద్ద అక్షరాలతో రాసినంత మాత్రాన నమ్మవద్దు. పలక మీద ఐఎస్ఐ గుర్తు కింద లైసెన్సు సంఖ్య ఉంటుంది. భారత ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్య కొడితే అది ఏ కంపెనీదో, ఇంకా అమలులో ఉన్నదో లేదో తెలుస్తుంది. సరుకు దిగిన రోజునే, లామినేటు, అంటే ప్లైవుడ్ మీద అతికించే పలుచని రంగు పొర అంటించకముందే చూడండి. అంటించాక లోపల ఏముందో మాకు కూడా తెలియదు.

తలుపుకు బయట ఒక మిల్లీమీటరు లామినేటు వేసి లోపలి వైపు వట్టిగా వదిలేస్తే వర్షాకాలంలో ఆ తలుపు విల్లులా వంగుతుంది. రెండు వైపులా లామినేటు ఉండాలి, నాలుగు అంచులూ ఎడ్జ్ బ్యాండుతో, అంటే అంచుకు అతికించే పట్టీతో మూసి ఉండాలి. తడి, చెదలు లోపలికి వెళ్లేది ఆ మూయని అంచుల నుంచే. మూడో అంతస్తుకు చెదలు ఎలా వస్తాయని అడుగుతారు. గొట్టాల డక్టుల వెంట, కరెంటు గొట్టాల లోపల మట్టి దారి కట్టుకుంటూ వస్తాయి. చెక్కపని మొదలు కాకముందే గోడకూ నేలకూ మధ్య కలిసే చోట రంధ్రాలు చేయించి చెదల మందు ఎక్కించడం మంచిది.

చివరగా మీ అమ్మగారి టేకు సామాను. దయచేసి అమ్మవద్దు. పాత సామానులో వాడిన టేకు ఎండి ఎండి స్థిరపడిన చెక్క. అలాంటిది ఇవాళ కొనాలంటే దొరకడం కష్టం, దొరికినా ఘనపుటడుగు ధర విని వెనక్కి వస్తారు. భోషాణాన్ని రంపం పెట్టకుండా శుభ్రం చేసి పాలిష్ వేయించి, పైన దిండు వేస్తే హాలు కిటికీ కింద కూర్చునే బల్ల అవుతుంది, లోపల పరుపులూ దుప్పట్లూ పడతాయి. బీరువాను అమ్మగారి గదిలో ఉంచి, దాని రెండు పక్కలా అదే ఎత్తుకు కొత్త అరలు చేయిస్తే మూడూ కలిసి ఒకే గోడగా కనిపిస్తాయి. ఇంటికి తగినట్టు చేయించడమంటే మా దృష్టిలో ఇదే. ఉన్నదంతా తీసి పారేసి క్యాటలాగులోది తెచ్చి పెట్టడానికి వడ్రంగి అవసరం లేదు.

ఫిజియోథెరపిస్టు, విశాఖపట్నం

పెద్దల గురించి ఒక్క విషయం కలుపుతాను. ఇంట్లో జారిపడి తుంటి ఎముక విరిగి మా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది స్నానాల గదిలోనో, రాత్రి అక్కడికి వెళ్లే దారిలోనో పడ్డవారే. మీ అమ్మగారి స్నానాల గదిని ఎలాగూ తవ్విస్తున్నారు కాబట్టి, గడప ఎత్తును పూర్తిగా తీయించండి, గరుకు ముఖం ఉన్న టైల్స్ వేయించండి, కమోడు పక్కనా షవరు దగ్గరా చేతికమ్మీలు పెట్టించండి. ఆ కమ్మీలు ఇటుక గోడలోకి గట్టిగా దిగాలి. టైల్ మీద జిగురుతో అంటించేవి ఆమె బరువును ఆపలేవు. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకునే తలుపు వెనుక మనిషి పడిపోతే తెరవడం సాధ్యం కాదు. మంచం నుంచి స్నానాల గది వరకు నేలకు అడుగు ఎత్తున, మనిషి కదిలితే వెలిగే చిన్న దీపాలు రెండు పెట్టించండి. ఖర్చు వేలల్లోనే ఉంటుంది.

మియాపూర్ గృహస్థుడు

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఈ వారం రోజుల్లో జరిగింది చెబుతాను.

స్ట్రక్చరల్ ఇంజనీరు వచ్చి చూశారు. గోడ అడ్డుగోడే, పైన దూలం ఉంది. గుంటూరు గృహిణి గారు చెప్పిన పద్ధతి అమ్మకూ నా భార్యకూ ఇద్దరికీ నచ్చింది. గోడను గట్టు ఎత్తు వరకు ఉంచి పైన గాజు తలుపులు పెట్టిస్తున్నాము. దూలం అడుగు భాగమే ఆ తలుపుల చట్రానికి ఆధారమవుతుందట. స్టవ్వు తూర్పు గోడకే ఉంటుంది. ఇద్దరి మోచేతులూ కొలిచాను. అమ్మకు 36 అంగుళాలు, నా భార్యకు 40. గట్టును 34కు, దాని పక్కన కూరగాయలు తరిగే చోటును 30కి నిర్ణయించాము. కొలిచేటప్పుడు అమ్మ, "ఇన్నేళ్లలో నా ఎత్తును బట్టి వంటింట్లో ఏదైనా కట్టడం ఇదే మొదటిసారి" అన్నారు. ఆ మాట నా మనసులో నిలిచిపోయింది.

నేల టైల్స్ పని, పడకగదుల సీలింగు, టీవీ గోడ అలంకరణ మానుకున్నాము. అంచనా కొలతలను అడిగితే వార్డ్‌రోబులకు ముందు భాగం కొలతనీ, వంటింటికి అన్ని పలకల కొలతనీ వేసినట్టు తేలింది. ఇప్పుడు అంతా ఒకే కొలతకు మళ్లీ రాయించాము. స్నానాల గదులు, గొట్టాలు, వైరింగుకు కొత్తగా మూడు లక్షల 80 వేలు చేరింది. అయినా పన్నుతో కలిపి 15 లక్షల 70 వేలకు వచ్చింది. పిల్లల గదిలో కిటికీ పొడవునా ఇద్దరికీ కలిపి ఎనిమిది అడుగుల చదువుకునే బల్ల కూడా ఇందులోనే ఉంది.

ఒక్క సందేహం మిగిలింది. స్నానాల గదులు ముగిసేదాకా ఆగకుండా, సమయం కలిసి వస్తుందని చెక్కపనిని కూడా అదే సమయంలో మొదలుపెడతామని వారు అంటున్నారు. ఒప్పుకోవచ్చా?

విశ్రాంత సివిల్ ఇంజనీరు, హనుమకొండ

వారి వర్క్‌షాపులో పలకలు కోసి సిద్ధం చేసుకోవడానికి అభ్యంతరం లేదు. కానీ కూల్చడం, గొట్టాలు, గోడల్లో వైరింగు, నీళ్లు నింపే పరీక్ష, గోడ పూత, మొదటి కోటు రంగు పూర్తయి, గోడలు పూర్తిగా ఆరేవరకు ఒక్క చెక్క పలకను కూడా ఇంట్లోకి రానివ్వకండి. చెమ్మ ఉన్న ఆ గోడను పూత పెచ్చులు తీయించి ఇటుక కనిపించేలా కనీసం రెండు వారాలు ఆరబెట్టించండి. దానికి ఆనుకునే వార్డ్‌రోబు వెనుక అంగుళం ఖాళీ వదలమనండి. వారికిచ్చే సొమ్మును కూడా ఇదే క్రమంలో విడతలుగా పంచి, నీళ్ల పరీక్ష ముగిసిన రోజుకు ఒక విడత అని కాగితం మీద రాయించుకోండి. గోడలు మూసేయకముందే అన్ని గొట్టాలనూ తీగలనూ, పక్కన టేపు పట్టుకొని కొలత కనిపించేలా ఫోనులో ఫొటోలు తీసి పెట్టుకోండి. పదేళ్ల తరువాత చేతికమ్మీ కోసమో, దేవుడి పటం కోసమో మేకు కొట్టేటప్పుడు అవి అవసరమవుతాయి.